ఆయిల్ తాగిన కారు, ఉన్ని అంటని పుల్ల

"ఎర్రలైటు ఎప్పుడు వెలిగింది?"

"ఫ్లైఓవర్ ఎక్కుతుంటె వెలిగింది మేడం."

"బండి ఎక్కడ ఆగింది?"

"గదే ఫ్లైఓవర్ మీద. అవతలికి దిగనే లే."

నర్సు వేసిన స్టూలును సుచరిత కాలితో పక్కకు జరిపేసింది. కూర్చోబుద్ధి కావడం లేదు. కొత్తకోట సర్కారు దవాఖానలో ఆ మంచం ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూనే ప్రశ్నలు వేస్తోంది. మంచం మీద పరమేష్, ఎడమ చేతికి భుజం దాకా కట్టుతో, ఆమె ఎటు నడిస్తే అటే కళ్లు తిప్పుతున్నాడు. తలుపు దగ్గర కుర్చీలో కానిస్టేబుల్ ఉన్నాడు. డాక్టరు ఇంటికి పొమ్మన్న రోజున పరమేష్ వెళ్లేది ఇంటికి కాదు, ఆ కానిస్టేబుల్ వెంట కోర్టుకు.

జడ్చర్లలో విత్తనాల వ్యాపారం చేసే అమరేందర్ కారు అది. కొని ఏడాది కూడా నిండలేదు. రెండు వారాల కిందట కర్నూలు వైపు వెళ్తుంటే కొత్తకోట దగ్గర ఫ్లైఓవర్ మీద ఇంజన్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. వెనక వస్తున్న లారీ వచ్చి గుద్దింది. వెనక సీట్లో ఉన్న అమరేందర్ అక్కడికక్కడే పోయాడు. ఇంజన్లో చుక్క ఆయిల్ లేదని, హెచ్చరిక లైటు వెలిగినా డ్రైవరు పట్టించుకోకుండా తోలాడని పోలీసులు రాసుకున్నారు.

అమరేందర్ భార్య మంజులత మహబూబ్‌నగర్‌లో సుచరిత డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చి అడిగింది ఒక్కటే. "పరమేష్ నా ఇంట్ల మనిషి లెక్క ఉండె. వాడు నా మొగుణ్ణి చంపిండా, లేదా? నాకు గది చెప్పు చాలు."

చెప్పడానికి సుచరిత చేతిలో ఇంక ఈ ఒక్క పూటే ఉంది. మధ్యాహ్నానికి షోరూం వాళ్ల రికవరీ లారీ వచ్చి పోలీస్ స్టేషన్ వెనక పడి ఉన్న కారును ఎత్తుకుపోతుంది. కారు ఇచ్చేసినట్టు సంతకం పెట్టడానికి మంజులత జడ్చర్ల నుంచి బయలుదేరుతోంది. కారు తుక్కులో కలిసిందంటే పరమేష్ తరఫున చెప్పడానికి ఇంకేమీ మిగలదు.

"చుక్క ఆయిల్ లేదంటున్నరు. నువ్వేమో రోజూ చూస్తున్ననంటవు," అంది సుచరిత.

"రోజు పొద్దుగాల చూస్తుంటి మేడం. ఇంజన్ చల్లగ ఉన్నప్పుడే. ఆ దినం గూడ ఆయిల్ కొలిచే పుల్ల గుంజి చూసిన. రెండు గీతల నడుమ ఉండె."

"నడుమ అంటె ఎంత?"

"సగానికి జర కింద. కింది గీత అయితె దాటలే. వచ్చే వారం షోరూంకు పోదమని సార్‌తోని గూడ అన్న."

సుచరిత నడక ఆగింది. ఇన్సూరెన్సు సర్వేయర్‌గా పనిచేసిన రోజుల్లో ఆమె వందల మంది డ్రైవర్ల మాటలు విన్నది. అబద్ధమాడేవాడు నిండుగా ఉందంటాడు, ఫుల్లుగా ఉందంటాడు, దేవుడి మీద ఒట్టేస్తాడు. సగానికి జర కింద అని తన నెత్తికి తనే చుట్టుకునే మాట చెప్పడు. వీడు నిజం చెబుతుంటే ఇంజన్ అబద్ధం చెప్పాలి. ఇంజన్ అబద్ధం చెప్పదు. మరి మధ్యలో ఎవరు చెప్పారు?

"బండి ముందుగాల గూడ ఆయిల్ తాగుతుండెనా?"

"తాగుతుండె. నాలుగు వేలు తిరిగిందో లేదో మొదలువెట్టింది. పొగ రాదు, కింద చుక్క కారదు, ఆయిల్ మాత్రం మాయం. షోరూంల రాకేష్ సార్ ఉంటడు, సర్వీస్ మేనేజరు. 'కొత్త బండ్లల్ల గిది మామూలే, ఆయిల్ పల్చగుంటది, జర తాగుతది' అన్నడు. ఎన్నిసార్లు పోయినా గదే మాట. ఆఖరికి మా సార్ గరమై, ఇగ కన్జూమర్ ఫోరంల కేసు ఏస్తనన్నడు. అప్పుడు బండి ఒక దినం పెట్టుకున్నరు. బాగుచేసినమని ఇచ్చిండ్రు."

"ఇచ్చినంక?"

"పుల్ల మంచిగనే చూపించింది. మొదట్ల అయితె పై గీతకు గూడ పైకి ఉండె. ఎక్కువ పోసినం, ఇగ ఫికర్ చెయ్యకు అన్నడు రాకేష్ సార్."

"పుల్ల దేనితోని తుడుస్తవు?"

పరమేష్ తల గోడ వైపు తిప్పాడు. జవాబు గోడ వారగా నేల మీద నుంచి వచ్చింది.

"నా గొంగడితోని బిడ్డా."

పరమేష్ తండ్రి బీరప్ప. ఇప్పటికీ గొర్రెలు కాస్తాడు. భుజాన నల్లటి గొంగడి, దాని ఒక మూల చదరంగా కోసేసి ఉంది. "బట్టతోని తుడిస్తె ఆయిల్ చారలు వడుతున్నయన్నడు. ఉన్ని అయితె ఒక్క తుడుపుకే గుంజుకుంటదని, బండి బాగై వచ్చినంక నేనే కోసిచ్చిన. ఇప్పుడు ఆ రిటైరైన పోలీసాయన వచ్చి ఏమన్నడో తెలుసా? నా గొంగడి ఉన్నే లోపల వడి ఆయిల్‌కు అడ్డం వడ్డదంట. అమరేందర్ సార్ గందుకే పోయిండంట." గొంగడి తెగిన మూలను వేళ్లతో తడిమాడు. "నేనిచ్చిన గొంగడి ముక్కనే నా కొడుకును జైల్ల ఏస్తదా బిడ్డా?"

ఓదార్పు మాటలు సుచరితకు ఎప్పుడూ సరిగ్గా రావు. పని అయితే వస్తుంది.

"ఆ ముక్క ఇప్పుడెక్కడుంది కాకా?"

ప్రమాదం రోజున పరమేష్ జేబులో ఉన్న వస్తువులు దవాఖాన వాళ్లు మూటకట్టి ఇచ్చారు. బీరప్ప మూట విప్పి, ఆయిల్ పట్టి బిరుసెక్కిన అరచేయంత నల్లటి ముక్క తీశాడు.

"నాతోని రా," అంది సుచరిత, అప్పటికే తలుపు దాటుతూ.

*

పోలీస్ స్టేషన్ వెనక పెరడు గేటు దగ్గర హోంగార్డు గోవిందమ్మ కాపలా ఉంది. పెరట్లో, వెనక భాగమంతా నుజ్జయిన కారు పక్కనే, సరిగ్గా అదే మోడల్ కారు ఇంకొకటి నిగనిగలాడుతూ నిలబడి ఉంది. దానికి ఆనుకుని విజేందర్ చాయ్ తాగుతున్నాడు.

నల్లగొండలో సీఐగా చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు షోరూం తరఫున విచారణ చేస్తున్నాడు. పరమేష్ మీద పోలీసులకు అందిన రిపోర్టు ఇతనిదే. గద్వాలలో ఒక పత్తిమిల్లు కేసులో సుచరితను చిత్తుగా ఓడించాడు. ఆ సంగతి ఆమె మరిచిపోదామన్నా ఆయన మరవనివ్వడు.

"రండి మేడం. లారీ జడ్చర్ల దాటిందట. చూసేదుంటె జల్ది చూస్కోండ్రి. నాకైతె చూసేటందుకు ఏం కనవడలే. లోపల ఆయిల్ లేదు, పుల్ల దిగే పైపు మూతిల గొంగడి ఉన్ని ఉన్నది. గొర్లు కాసేటోనికి స్టీరింగ్ ఇస్తె గిట్లనే ఉంటది."

బీరప్ప తల దించుకున్నాడు. సుచరితకు ఒళ్లు మండింది. అయినా బ్యాగులోంచి టార్చి తీస్తూ మామూలుగానే అడిగింది.

"కొత్త బండి ఆయిల్ తాగుడు మామూలేనా సార్?"

"మామూలే. కంపెనీ పుస్తకంలనే ఉన్నది. వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాంక తాగొచ్చు."

"ఈ ఇంజన్ల పట్టేది ఎంత?"

"నాలుగు లీటర్లు."

"సర్వీసుకు మళ్ల ఎప్పుడు రమ్మంటరు?"

"పదివేలకు," అన్నాడు విజేందర్. అని, గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్లి ఆగాడు.

"మీ లెక్కల నాలుగువేలకే ఇంజన్ ఎండిపోవాలె. మిగిలిన ఆరువేలు నీళ్లు పోసి తోలమంటరా?"

"మధ్యల చూసుకోవాలె, పోసుకోవాలె. డ్రైవరున్నది ఎందుకు?"

"రోజు చూసిన అంటున్నడు."

"చూడలే. చూస్తె పోస్తుండె. పోయలే అంటె చూడలే."

"చూడనోని ఉన్ని పైపు మూతిల ఎట్ల వడ్డది? చూడలే అనన్న అనండ్రి, చూసి చూసి ఉన్ని వడేసిండని అనన్న అనండ్రి. రెండు కత్తులు ఒకే ఒరల పెట్టకుండ్రి సార్."

గోవిందమ్మ గేటు దగ్గర నవ్వు దాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విజేందర్ చాయ్ గ్లాసు కారు మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

"చాంబర్ విప్పి చూసిండ్రా?" సుచరిత వదల్లేదు. చాంబర్ అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టి. ఉన్ని నిజంగా అడ్డం పడితే కనిపించేది అందులోనే.

"విప్పలే. పైపు మూతిల కనవడ్డది చాలు."

"ఎవరికి చాలు?"

జవాబు కోసం ఆగకుండా ఆమె బానెట్ ఎత్తింది. లారీ గుద్దింది వెనక నుంచి కాబట్టి ముందు భాగం చెక్కు చెదరలేదు. డిప్‌స్టిక్, అదే పరమేష్ పుల్ల అంటున్నది, తన గొట్టంలో బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. ముందు దాన్ని ముట్టుకోకుండా గొట్టం మూతి మీద టార్చి వేసింది. విజేందర్ చెప్పింది నిజమే. మూతి చుట్టూ లోపలి అంచున నల్లటి సన్నటి ఉన్ని వెంట్రుకలు ఆయిల్‌లో అంటుకుపోయి ఉన్నాయి. గుప్పెడు కాదు, చిటికెడు. రోజూ కొంచెం కొంచెంగా పేరుకున్నట్టు వరస మీద వరస ఉంది.

ఫోన్‌లో ఫోటోలు తీసి, గోవిందమ్మను పిలిచి చూపించింది. అప్పుడు పుల్ల బయటికి లాగింది.

పసుపు రంగు పిడి. పిడి కింద రబ్బరు రింగు. రింగు కింద నుంచి సన్నటి ఇనుప బద్ద, చివర రెండు గీతలు. బద్ద ఎండిపోయి ఉంది. అది ఊహించిందే. భూతద్దం పెట్టి పిడి నుంచి కొస దాకా చూసింది. తిప్పి మళ్లీ చూసింది. రబ్బరు రింగును గోటితో ఎత్తి దాని అడుగున చూసింది. ఒక్కసారి తప్పు చదివితే పరమేష్ బతుకు పోతుంది. గేటు అవతల రోడ్డు మీద పెద్ద బండి చప్పుడు వినబడి ఉలిక్కిపడింది. అది ఆర్టీసీ బస్సు.

"కాకా, జర ఇటు రా."

తన పాత డొక్కు కారు బానెట్ ఎత్తి, దాని పుల్ల లాగి బీరప్ప చేతికిచ్చింది. "పరమేష్ ఎట్ల తుడుస్తుండెనో నీకెరుకేనా?"

"నా ముంగట ఎన్నిసార్లు తుడ్వలే!" బీరప్ప గొంగడి ముక్కను పిడి కిందనే గట్టిగా పట్టి, కిందికి ఒక్క గుంజు గుంజాడు. పుల్ల తళతళలాడింది. సుచరిత మళ్లీ ముంచి ఇచ్చింది. మళ్లీ తుడిచాడు. మూడోసారి తుడిచాక పుల్ల తీసుకుని విజేందర్ ముఖం ముందు పెట్టింది.

"రింగు కింద చూడండ్రి సార్."

రబ్బరు రింగు ఇనుముకు ఆనే సందులో మూడు నాలుగు నల్లటి వెంట్రుకలు ఇరుక్కుని ఉన్నాయి. సుచరిత ఊదింది. పోలేదు. చీర కొంగుతో రుద్దింది. పోలేదు.

"మూడు తుడుపులకే గిన్ని. పరమేష్ మూడు నెలల సంది రోజూ తుడిచిండు. పైపు మూతిల ఉన్ని కుప్పవడ్డది. ఇప్పుడు ఈ పోయిన బండి పుల్ల చూడండ్రి. ఒక్క పోగన్న ఉన్నదా?"

విజేందర్ భూతద్దం అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. పోలీసు బుర్ర కదా, ఓడిపోయే ముందు ఒక్క దారన్నా వెతుక్కుంటుంది.

"ఎవరన్న పెట్రోల్‌తోని కడిగుంటరు."

"మంచిది. పోలీసుల పెరట్ల ఉన్న బండి, మనిషి సచ్చిన కేసు. సాక్ష్యాన్ని పెట్రోల్‌తోని కడిగిందెవరు సార్? మీరా?"

"నేనెందుకు కడుగుత? నేను గుంజినప్పుడే గిట్ల ఉండె."

"మీకంటె ముందు ఎవరు గుంజిండ్రు?"

గోవిందమ్మ గేటు దగ్గరి నుంచి రెండడుగులు ముందుకు వేసింది. "నేను చెప్తున్న మేడం. గా షోరూం రాకేష్ సార్ వచ్చిండు, బండిని తెచ్చిన తెల్లారి పొద్దుగాల. సామాన్ల డబ్బ పట్టుకొని వచ్చిండు. నేను పోనియ్య అన్న. విజేందర్ సార్ పంపించిండు, సార్ ఎనక వస్తున్నడు అన్నడు. ఫోన్‌ల సార్‌తోని గూడ మాట్లాడిచ్చిండు. గందుకే ఇడిచిన."

"ఫోటోలు తీసుకుంట అన్నడు," అన్నాడు విజేందర్. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుంది. "నేను రోడ్డు మీద టిఫిన్ చేస్తుంటి."

"మీ పేరు మీద లోపలికొచ్చి పుల్ల మార్చిండు. పైపు మూతిల ఉన్ని మాత్రం తుడ్వలే. ఎందుకంటె అది పరమేష్ మెడకు చుట్టాలె కద! మీరొచ్చి గది చూసిండ్రు, రాసిండ్రు. వాడు మీకు ఏది చూపియ్యాలనుకున్నడో అది చూపించిండు."

బీరప్ప ఒకసారి ఆమె వంక, ఒకసారి ఆయన వంక చూస్తున్నాడు. "అంటె నా గొంగడి కాదా బిడ్డా?"

"కాదు కాకా. నీ గొంగడి లేకుంటె పుల్ల మారిందని మనకు తెలుస్తుండెనే కాదు."

బీరప్ప కారు పక్కన మట్టిలో అలాగే చతికిలబడి, గొంగడి అంచు కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ముసలాయన ఏడుపు వినలేక సుచరిత అటు తిరిగింది.

కానీ ఆమెను తొలుస్తున్న ముల్లు ఇంకా దిగలేదు. పుల్ల మార్చాడు, సరే. ఎందుకు మార్చాడు? ఆయిల్ కొలిచే ఇనుప బద్దలో దాచాల్సింది ఏముంటుంది? పరమేష్ మాటలు మళ్లీ తలలో తిరిగాయి. మొదట్లో పై గీతకు కూడా పైకి ఉంది. ఆ రోజు పొద్దున సగానికి కొంచెం కింద. అదే రోజు ఇంజన్లో చుక్క లేదు.

విజేందర్ కారు వైపు చూసింది.

"సార్, మీ బండి గూడ గదే షోరూంది కద?"

"అయితె?"

"మీది ఆయిల్ తాగలేదా?"

ఆయన తన కారు వైపు తిరిగాడు. "తాగింది. రాకేష్ నాకు మొదలు గదే చెప్పిండు, మామూలే సార్ అని. నేను గట్టిగ అడిగిన. ఒక దినం పెట్టుకొని బాగుచేసిచ్చిండు."

"పుల్ల?"

"పాతది వంగింది, కొత్తది ఏసిన అన్నడు."

విజేందర్ తనే వెళ్లి తన కారు బానెట్ ఎత్తాడు. పుల్ల లాగాడు. తడి ఆయిల్ రెండు గీతల మధ్య మెరుస్తోంది, పై గీతకు దగ్గరగా. ఎవరు చూసినా నిశ్చింతగా బానెట్ దించేంత నిండుగా ఉంది. దాన్ని తీసుకొచ్చి సుచరిత చేతిలోని పుల్ల పక్కన పెట్టాడు. పిడికి పిడి, రింగుకు రింగు ఆనించాడు.

ఆయన పుల్ల రెండు వేళ్ల వెడల్పు మేర పొడుగుంది.

"పొడుగు పుల్ల కిందిదాంక ముంచుకుంటది," అంది సుచరిత నెమ్మదిగా. "ఆయిల్ అడుగంటుతున్నా గీతల నడుమ ఉన్నట్టే చూపిస్తది. ఇది వేరే పెద్ద ఇంజన్‌ది. సక్కగ సరిపోయే పిడి చూసి ఏసిండు. ఈ బండికి ఆయిల్ ఎంతున్నదో చెప్పే మీటర్ లేదు. ఉన్నది ఎర్రలైటొక్కటే. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఆ మిగిలిన కొంచెం ఆయిల్ గూడ వెనక్కి జారిపోతే పంపు గాలి గుంజుతది. లైటు వెలిగేసరికి ఇంజన్ పనయిపోతది. అడుగున ఉన్న కొంచెం దాంక ఈ పొట్టి పుల్ల అందదు, గందుకే చుక్క లేదని రాసిండ్రు."

కొత్త ఇంజన్లు కొంచెం ఆయిల్ తాగుతాయి. అందులో వింత లేదు, నేరం లేదు. తాగుతుందని తెలిసినవాడు చూసుకుంటాడు, తగ్గితే పోసుకుంటాడు. రాకేష్‌కు కావలసింది అది కాదు. గ్యారంటీ గడువు దాటేదాకా ఎవరూ తన కౌంటర్ ముందుకు వచ్చి అరవకూడదు, అంతే. అందుకని ఇంజన్‌ను బాగుచేయకుండా, ఇంజన్ గురించి చెప్పే పుల్ల నోరు మూయించాడు. అమరేందర్ పోయాక పరుగున వచ్చి అసలు పుల్ల మళ్లీ పెట్టాడు.

విజేందర్ తన కారు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "నా మనవరాలిని రోజూ గీ బండిలనే బడికి దింపుతున్న," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి సీఐ లేడు. "రాసిచ్చింది నేనే మేడం. ఆ పిలగాని మీద నా చేతితోనే రాసిన." అంతలో ఏదో గుర్తొచ్చి చటుక్కున తలెత్తాడు. "మంజులతమ్మ దేంట్ల వస్తున్నది?"

"షోరూం వాళ్లే డ్రైవర్‌ను, బండిని ఇచ్చిండ్రంట, ఈ పని అయ్యేదాంక వాడుకొమ్మని."

"గది వాపస్ వచ్చిన బండి! ఎవరో ఆయిల్ మస్తు తాగుతుందని తిప్పి పంపిండ్రు. రాకేష్ నాకు నవ్వుకుంట చెప్పిండు, పుల్ల గూడ మార్చి బాగుచేసి పెట్టినం అని. నాకు అప్పుడు అర్థం కాలే."

సుచరిత మంజులత నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. ఒకటి, రెండు, మూడు రింగులు.

"ఆ, సుచరితా! అడ్డాకుల దాటినం. వస్తున్న."

"అక్కా, బండి పక్కకు ఆపించు. ఇప్పుడే."

"ఎందుకు? ఏమైంది?"

"చెప్త. ముందు ఆపించి దిగు. రోడ్డుకు దూరంగ పో."

ఫోన్లో మంజులత డ్రైవరుతో ఏదో అంది. డ్రైవరు గొంతు నింపాదిగా వినిపించింది, ముందర పెట్రోల్ బంకు దగ్గర ఆపుతానని. తర్వాత మంజులత గొంతు మారిపోయింది. "సుచరితా, ఇక్కడ ఎర్రలైటొకటి వెలిగింది. చాయ్ కేటిల్ లెక్క బొమ్మ ఉన్నది. గిదేంది..."

ఇనుము ఇనుమును నమిలిన చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఇంజన్ చప్పుడు లేదు. టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుపోయే రాపిడి, మంజులత కేక, ఆ వెనకే పొడుగ్గా, అంతకంతకూ దగ్గరవుతున్న లారీ హారన్.

"అక్కా! దూకు! మంజులతక్కా!"

హారన్ పెరిగింది. పెరిగి పెరిగి ఫోన్‌ను చీల్చేలా మోగి, దాటిపోయి సన్నగిల్లింది. పెరట్లో నలుగురూ కదలకుండా నిలబడ్డారు. బీరప్ప ఎప్పుడు లేచి వచ్చాడో, సుచరిత పక్కనే ఉన్నాడు.

చాలాసేపటికి ఫోన్‌లో ఆయాసం వినబడింది.

"దిగినం," అంది మంజులత. "డ్రైవరు ఎట్లనో రేలింగ్‌కు తెచ్చి ఆనిచ్చిండు. లారీ ఇంత సందుల తప్పిపోయింది. ఇద్దరం రేలింగ్ అవతల ఉన్నం."

"దెబ్బలేమన్న..."

"ఏం లే. నా మాట ఇను." ఆమె ఏడుస్తోంది. ఏడుపును తోసుకుంటూ మాట్లాడుతోంది. "నేను దవాఖానకు పోయి పరమేష్‌ను తిట్టిన సుచరితా. పండవెట్టిన మనిషిని, చెయ్యి ఇరిగిన మనిషిని తిట్టిన. లైటు వెలిగినంక ఎందుకు ఆపలేదురా, మా సార్‌ను ఎందుకు చంపినవురా అన్న. వాడు ఒక్క మాట ఎదురు అనలే. ఇప్పుడు నా కండ్ల ముంగట వెలిగింది. ఆపేటందుకు టైమెక్కడిది? నువ్వు ఫోన్ చేసి చెప్తే గూడ ఆపలేకపోతిమి, వానికెవరు చెప్పిండ్రు?"

బీరప్ప ఫోన్ వైపు రెండు చేతులూ జోడించాడు, ఆమెకు కనబడుతున్నట్టు.

"నేను సంతకం పెట్టను," అంది మంజులత. "వాన్ని ఇంటికి నేనే తీసుకపోత, కోర్టుకు నేనే వస్త. వానికి చెప్పు."

సుచరిత సరే అనబోయింది. గేటు అవతల బ్రేకుల చప్పుడయింది. రికవరీ లారీ వచ్చి ఆగింది. క్యాబిన్లో డ్రైవరు పక్కన షోరూం చొక్కా వేసుకుని, ఒళ్లో సామాన్ల డబ్బా పెట్టుకుని రాకేష్ కూర్చున్నాడు. విజేందర్‌ను చూసి చెయ్యి ఊపాడు. పెరట్లో ఎవరి చేతిలో ఏముందో అతను ఇంకా చూడలేదు.

సుచరిత రెండు పుల్లలనూ గొంగడి ముక్కలో చుట్టి వీపు వెనక్కి తిప్పింది. మూడు బండ్ల సంగతి బయటపడింది. ఇంకెన్ని బండ్లు ఈ పొడుగు పుల్లలతో రోడ్ల మీద తిరుగుతున్నాయో, ఎవరెవరి పిల్లలు వాటిలో కూర్చుని ఉన్నారో, ఈ లోకంలో ఒక్కడికే తెలుసు. వాడికి అనుమానం వచ్చి లారీ వెనక్కి తిప్పాడంటే ఆ లెక్క కూడా వాడితోనే పోతుంది.

ఆమె విజేందర్ వైపు చూసింది. ఏం చేయమని చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆయన నవ్వు ముఖం పెట్టుకుని రాకేష్‌కు తిరిగి చెయ్యి ఊపాడు. పెదవులు పెద్దగా కదపకుండా గేటు దగ్గరికి మాట వేశాడు.

"లారీని లోపలికి రానియ్యి గోవిందమ్మా. వచ్చినంక తాళం వెయ్యి."